నెనెక్ దిబ్బ దగ్గర దింపాల్సిన కుండ

సింగపూర్,
11 మార్చి 2001

కల్సోం అక్కకి,

తమ్ముడు సపార్ సలాములు. కెరాంగ్ దీవి నుంచి నువ్వు వేసిన ఉత్తరం తడిసి వచ్చింది. సగం అక్షరాలు కారిపోయాయి గానీ నీ తిట్లు మాత్రం చెక్కు చెదరలేదు. నా మేనకోడలు మూర్నీ కడుపుతో ఉందన్న మాట కూడా అదృష్టం కొద్దీ పొడిగా ఉన్నవైపు పడింది. చదివి లేచి బాల్కనీలోకి వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ చదివాను. పదకొండో అంతస్తులో ఉండేవాడికి సంతోషం వస్తే అటూ ఇటూ తిరగడానికి అంతకన్నా చోటుండదు.

నా పడవ బాగానే ఉంది. ఇప్పుడు అందులో చేపలకంటే మనుషులే ఎక్కువ ఎక్కుతున్నారు. లౌ టీచరమ్మ అని ఒకావిడ ఉంది, చీనా ఆవిడ, జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. రిటైరైన సంగతి ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు. కుర్రకారుని వెంటేసుకుని పోటు బాగా తీసిన పొద్దుల్లో నెనెక్ దిబ్బ మీద దిగుతుంది. మోకాళ్ళ మీద కూచుని సముద్రపు నక్షత్రాల్ని, గొంగోంగ్ నత్తల్ని, పగడాల్ని చూసి రాసుకుంటారు. చిన్నప్పుడు మనం ఏరుకుని తిన్నవాటన్నిటికీ వీళ్ళు ఫొటోలు తీస్తున్నారు.

దిబ్బకి పడమటి అంచున నేను కాలు పెట్టకపోవడం ఆవిడ కనిపెట్టి, ఎందుకని అడిగింది. అక్కడ మా అక్కలున్నారన్నాను. ఆవిడ చుట్టూ చూసింది. అప్పుడిక చెప్పక తప్పలేదు. మా ఇంట్లో బిడ్డ పుడితే, బిడ్డ వెనక వచ్చే మాయని కడిగి, ఉప్పూ చింతపండూ వేసి కుండలో పెట్టి, ఇక్కడికి తెచ్చి దింపుతాం, ఆ మాయ బిడ్డకి అక్క లెక్క, బిడ్డ నేలమీద తిరుగుతుంటే అక్క నీళ్ళలో ఉండి కాపు కాస్తుంది, మా అమ్మదీ, మా అమ్మమ్మదీ, మా అందరివీ ఇక్కడే ఉన్నాయి, అందుకే దీనికి నెనెక్ దిబ్బ, అంటే అమ్మమ్మ దిబ్బ అని పేరు, అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. బూట్లు విప్పేసింది. వద్దండీ, రాళ్ళచేప ముల్లు గుచ్చుకుంటుందని మళ్ళీ నేనే తొడుక్కోమన్నాను.

మూర్నీ కాన్పుకి కుండ పంపుతానన్నావు, పడవ సిద్ధంగా ఉంచమన్నావు. నేనూ సిద్ధమే, పడవా సిద్ధమే. దిబ్బ సంగతే ఎటూ తేలడం లేదు. దాన్ని పూడ్చి నేల చేస్తారట. ఓడల మీద వచ్చే పెట్టెలు పెట్టుకోడానికి దేశంలో చోటు చాలడం లేదట. నీకు మాత్రం సుఖమే. ఇకమీదట మన అక్కల్ని చూడ్డానికి పడవ అక్కర్లేదు, చెప్పులేసుకుని నడిచి వెళ్ళొచ్చు. బస్సు కూడా వేస్తారేమో.

బావకి నా సలాం. దగ్గు తగ్గిందా?

నీ తమ్ముడు,
సపార్

*

కెరాంగ్ దీవి,
2 ఏప్రిల్ 2001

తమ్ముడు సపార్‌కి,

అక్క దీవెనలు. నీకు యాభై నాలుగేళ్ళొచ్చాయి. ఇంకా నా చెవిలో పువ్వు పెడదామనే చూస్తున్నావు. దిబ్బ పూడ్చేస్తారట, దాని మీద బస్సు తిరుగుతుందట. హెడ్మాస్టరుకి బదిలీ అయిందని చెప్పి బడి మొత్తాన్ని ఇంటికి పంపించేసినవాడివి నువ్వే కదా? పాపం ఆయన ఖాళీ గదిలో గంట కొట్టుకుంటూ కూచున్నాడు. నీ పెళ్ళికి ఏనుగు వస్తోందని రాస్తే మీ బావ నిజమేననుకుని అరటిగెల కొన్నాడు.

మీ బావ దగ్గు అలాగే ఉంది. పొగ మానడు, దగ్గూ మానడు. మూర్నీకి నాలుగో నెల. వేవిళ్ళతో ఏమీ తినడం లేదు. నిన్న గొంగోంగ్ ఉడకబెట్టి పెట్టాను, అది మాత్రం తిన్నది. చూడు, ఎవరి మనవరాలో.

ఒరే, నేను నవ్వులాటకి రాయడం లేదు. దీనికి ముందు రెండు కడుపులు నిలవలేదు. నాకూ వయసైపోతోంది. మనం పుట్టిన దీవి పోయింది. ఇంటి కింద ఊయల కట్టుకున్న చోట ఇప్పుడు చమురు ట్యాంకులున్నాయి. నాన్న సమాధిని వాళ్ళే తవ్వి ఎక్కడికో మార్చారు. మనకంటూ ఆ దిబ్బ ఒక్కటే మిగిలింది. ఈ బిడ్డ అక్క కూడా మనవాళ్ళ మధ్యే ఉండాలి. నా ముగ్గురు పిల్లల కుండల్నీ తెడ్డేసుకుంటూ పడవలో వచ్చి నువ్వే తీసుకెళ్ళావు. ఆ రోజుల్లో నీళ్ళ మీద ఎవరూ ఇది మీ దేశం, అది మా దేశం అని గీత గీయలేదు.

పడమటి అంచున పెద్ద ఆల్చిప్ప ఉండేది, జ్ఞాపకముందా? నీడ పడగానే నోరు మూసేది. నువ్వు దానికి మన అత్తయ్య పేరు పెట్టావు. అది ఇంకా ఉందా? రాత్రి కల్లో వచ్చింది. నోరు తెరుచుకునే ఉంది, నా నీడ పడినా మూయలేదు. ఎందుకో పొద్దుటినుంచీ మనసు బాగాలేదు.

ఎప్పుడో వీలు చూసుకునైనా... అని అడిగేదాన్ని కాదు నేను, తేదీ చెబుతున్నా. సెప్టెంబరు చివర. పడవ సిద్ధంగా ఉంచు.

అక్క,
కల్సోం

*

సింగపూర్,
6 మే 2001

అక్కా,

ఏనుగు విషయం నిజమే, అది రాలేదు. దిబ్బ విషయం కూడా నిజమే. ఇది వస్తోంది.

పేపర్లో పడిన పటం ముక్క ఇందులో పెట్టాను. నీలం రంగు వేసినదంతా ఇప్పుడున్న సముద్రం. చారలు గీసినచోటు కాబోయే మాజీ సముద్రం. లౌ టీచరమ్మ ఊరుకోలేదు. పూడ్చొద్దని అర్జీ రాసింది, అందరం సంతకాలు పెట్టాం. వృత్తి ఏమిటన్నచోట మత్స్యకారుడు అని రాశాను. మా అంతస్తులో ఉండే వేలు గారు చూసి, "ఏవయ్యా, నువ్వు ఆఖరిసారి చేప పట్టింది సూపర్ మార్కెట్లో కదా" అన్నాడు. ఆయన కూడా సంతకం పెట్టాడనుకో.

ప్రభుత్వంలో పెద్దవాళ్ళొచ్చి చూశారు. టై కట్టుకున్నాయన ఒకడు ప్యాంటు మడుచుకుని దిబ్బ మీదకి దిగాడు. గడ్డిలోంచి చిన్న ఆక్టోపస్ వచ్చి ఆయన బూటుని పట్టుకుంది. మేం చెప్పలేనిదేదో అది చెబుతున్నట్టనిపించింది. ఆయన చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు చాలా మర్యాదగా, ఆలోచిస్తామన్నాడు. మర్యాదగా అన్నాడంటేనే నాకు భయం వేసింది.

అత్తయ్య ఉంది. నోరు మూస్తూనే ఉంది. మన అసలు అత్తయ్యకి ఆ అలవాటు ఎన్నడూ లేదు.

ఇంకో మాట. కుండని ఓడరేవు తనిఖీలో ఏమంటారో తెలీదు. పచ్చడి అని చెబితే రుచి చూస్తామంటారేమో. ఒకవేళ అప్పటికి దిబ్బ దగ్గరికి వెళ్ళనివ్వకపోతే వేరే ఎక్కడైనా దింపితే కుదురుతుందేమో, నువ్వు పెద్దదానివి, ఆలోచించి చెప్పు. లేదా మూర్నీని కాస్త తొందరపడమను.

సపార్

*

కెరాంగ్ దీవి,
29 మే 2001

సపార్‌కి,

పేపరు ముక్క అందింది. అందులో చారలే ఉన్నాయి, దిబ్బ పేరెక్కడా లేదు. ఆ చారలు ఎవరైనా గీయొచ్చు.

నీ ఉత్తరాన్ని మీ బావకి చదివి వినిపించాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. వేరే ఎక్కడైనా దింపితే కుదురుతుందా అని రాశావు. మురిక్కాలవలోనా? మీ మేడ కింద కాంక్రీటు గట్టు దగ్గరా? బిడ్డ అక్కని ముక్కూ మొహం తెలీనివాళ్ళ మధ్య వదిలేయమంటావా?

నాకు అర్థమైందిలే. పేజీకి రెండుసార్లు ఆ టీచరమ్మ పేరే. చదువుకున్నావిడ, కెమెరాలున్న కుర్రాళ్ళు. వాళ్ళ ముందు నెత్తురు కుండ పట్టుకుని పడవెక్కడానికి నీకు సిగ్గేసి ఉంటుంది. అలాగని చెబితే పోయేది. దానికి దేశం మొత్తాన్ని పూడ్చనక్కర్లేదు.

నిన్ను అడగను. పాస్‌పోర్టుకి రాసిచ్చాను. బిడ్డ పుట్టగానే నేనే తెస్తాను. ఇరవై ఆరేళ్ళయింది నేనా నీళ్ళు చూసి. దారి నాకు తెలుసు.

కల్సోం

*

సింగపూర్,
17 జూన్ 2001

అక్కకి,

దిబ్బని పూడ్చడం ఖాయమైంది. అర్జీ తిరగ్గొట్టారు. ఉత్తరం టీచరమ్మకి వచ్చింది, నాకు చదివి చెప్పింది. సర్వే పడవలొచ్చి దిబ్బ చుట్టూ ఇనప గుంజలు పాతి వెళ్ళాయి. ఒక గుంజ పడమటి అంచునే ఉంది. దాన్ని నేను పట్టుకుని చూశాను.

ముందు బురద బయటికి పోకుండా నీళ్ళలో పసుపుపచ్చ తెర కడతారు. అది కట్టాక ఎవర్నీ లోపలికి రానివ్వరు. తరవాత ఇసుక పోస్తారు. తెర ఎప్పుడు కడతారో తేదీ చెప్పలేదు. వానలు పడకముందే అన్నారు.

బతికున్న పగడాల్లో మార్చగలిగినవాటిని మార్చుకోమన్నారు. దక్షిణాన వేరే దీవి దగ్గర చోటిచ్చారు. టీచరమ్మ, కుర్రాళ్ళు, నేను ఉలీ సుత్తీ పట్టుకుని ఒక్కొక్కటీ ఊడదీసి, నీళ్ళ తొట్లలో పెట్టి పడవలో తీసుకెళుతున్నాం. అన్నీ రావు. పెద్దవి అసలు రావు.

నాకు సిగ్గు లేదు. టీచరమ్మకి కుండ సంగతి తెలుసు. బిడ్డ పుట్టిందా అని ప్రతిసారీ తనే అడుగుతుంది. ఆవిడ తల్లి కూడా ఆవిడ బొడ్డుతాడు ఎండబెట్టి దాచిందట, ఇల్లు మారినప్పుడు పోయిందట. అది చెప్పి మళ్ళీ ఉలి పట్టుకుంది.

కుండ లేకపోయినా ముందే రా. ఒక్కసారి చూసి వెళ్ళు. నేను ఒక్కణ్ణే చూస్తున్నాను. ఒక్కణ్ణే చూడ్డం నావల్ల కావడం లేదు.

సపార్

*

కెరాంగ్ దీవి,
8 జులై 2001

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మీ బావ నీకేదో పెద్ద జబ్బు చేసిందనుకున్నాడు. "మొదటినుంచి చివరిదాకా ఒక్క వేళాకోళం లేదు, వాడు ఆస్పత్రిలో ఉన్నట్టున్నాడు" అని చొక్కా వేసుకుని ఫోను ఉన్న ఊరికి బయల్దేరాడు. నేనే ఆపాను. నీకేం కాలేదని నాకు తెలుసు. దిబ్బే పోతోందని అప్పుడు నమ్మాను.

ఆ నాలుగు మాటలూ ముందే అలా రాసి ఉంటే ఏం పోయేదిరా? కాదులే. రాసినా నేను నమ్మేదాన్ని కాదు. నమ్మడం ఇష్టం లేకపోయింది. నిన్ను తిట్టడమే సులువనిపించింది.

ఇప్పుడు రాలేను. మూర్నీకి కాళ్ళు వాచాయి, మంత్రసాని కదలనివ్వొద్దంది. పాస్‌పోర్టు ఇంకా రాలేదు. బాతాంలో పాస్‌పోర్టు ఆఫీసుకి వెళితే, అమ్మా పుట్టిన ఊరు ఎక్కడన్నారు. మన దీవి పేరు చెప్పాను. ఆ పేరుతో ఊరేదీ లేదన్నాడు. నాయనా, నేను ఉన్నాను కదా, ఎక్కడో పుట్టి ఉండాలి కదా అన్నాను. చివరికి సింగపూర్ అని రాసుకున్నాడు.

నువ్వు వెళ్ళినప్పుడల్లా నా తరఫున పడమటి అంచు దగ్గర సలాం చెప్పు. బిడ్డ వస్తోందనీ, కాస్త ఓపిక పట్టమనీ చెప్పు. ఎవరికి చెప్పాలో, ఇనప గుంజలకే చెప్పాలో నాకూ తెలీదు. చెప్పు మరి.

ఆ నీళ్ళ వాసన మర్చిపోయానేమోనని భయంగా ఉందిరా. ఇక్కడ కూడా ఉప్పునీళ్ళే. ఆ వాసన కాదు.

అక్క

*

కెరాంగ్ దీవి,
14 అక్టోబరు 2001

సపార్‌కి,

నీ దగ్గర్నుంచి క్షేమంగా చేరాను. ఓడ ఎక్కేటప్పుడు నీతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చేశాను. అక్కకి నా మీద కోపం అని రాత్రంతా నువ్వు బాధపడి ఉంటావు. కోపం కాదు. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని తెరవలేదు. ఏడవాలంటే ఇంటికే వెళ్ళి ఏడవాలనిపించింది.

అటు వచ్చేటప్పుడు తనిఖీ దగ్గర ఏం జరిగిందో నీకు చెప్పనే లేదు. నువ్వు అద్దం అవతల ఎడాపెడా చేతులు ఊపుతున్నావు. అక్కడి అతను మనవాడే, నెరిసిన మీసం. కుండలో ఏముందమ్మా అన్నాడు. నువ్వు నేర్పినట్టు పచ్చడి అందామనుకున్నాను. నోటికి రాలేదు. నా మనవరాలి అక్క అన్నాను. అతను మూతకి కట్టిన తెల్లగుడ్డ చూశాడు, నన్ను చూశాడు. వెనకవాళ్ళు గొణుగుతున్నారు. "బిడ్డ బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. చెయ్యి గుండె మీద పెట్టుకుని పొమ్మన్నాడు.

అంత దూరం తెచ్చాను. నీ పడవలో ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. దూరం నుంచి పసుపుపచ్చ గీత కనబడగానే నువ్వు ఇంజను ఆపేశావు. మొన్ననే కట్టారక్కా అన్నావు. కాపలా లాంచీలో కుర్రాడు ఎంత మర్యాదగా చెప్పాడో, "పెద్దమ్మా, లోపలికి వీలవదు, నా ఉద్యోగం పోతుంది" అని. వాడిమీద ఎలా అరుస్తాం. తెర అవతల నీళ్ళు తెల్లగా ఉన్నాయి, బియ్యం కడిగినట్టు. మన దిబ్బ మీద నీళ్ళు అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఈ తెర బయటే దింపేద్దామా అని నువ్వు మెల్లగా అడిగావు. నేను తల అడ్డంగా ఊపాను. గుమ్మం బయట బిడ్డని వదిలేసి వచ్చినట్టుంటుంది. లోపల అమ్మమ్మ ఉండీ తలుపు తీయలేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించు.

కుండతోనే తిరిగొచ్చాను. మీ బావ రేవులో ఉన్నాడు, నా చేతిలో కుండ చూసి సంచీ అందుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంటి వెనక, కర్రల మెట్లు నీళ్ళలోకి దిగేచోటు దాటాక, గడ్డి మొదలయ్యేచోట మూర్నీ, నేనూ దింపాం. ఇక్కడ పగడాలు తక్కువ, గడ్డే ఎక్కువ. సముద్రపు ఆవు, దుగోంగ్, మేసిన చారలున్నాయి.

నీకు ఒక సంగతి చెప్పాలి. నేనీ దీవికి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ముగ్గురిని కన్నాను, ముగ్గురి కుండలూ అటే పంపాను. ఈ నీళ్ళలో స్నానం చేశాను, చేపలు కడిగాను, అయినా పక్కింటివాళ్ళ నీళ్ళు వాడుకుంటున్నట్టే ఉండేది. మా అత్తగారు అడిగేది, ఇక్కడ దింపితే ఏం, ఇది సముద్రం కాదా అని. నేను పడనిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు మెట్ల మీద కూచుంటే, నీళ్ళలో మావాళ్ళు ఒకరున్నారు. చిన్నపిల్ల, ఒక్కతే ఉంది. చీకటి పడితే దాని కోసం దీపం బయట పెడుతున్నాను. ఎవరైనా అడిగితే దోమలకని చెబుతున్నా.

అందుకని నేనింక అటు రానురా. రావాలని లేక కాదు. ఈ పిల్లని వదిలి రాలేను. నువ్వే ఇటు వచ్చెయ్. మరదలు పోయాక ఒక్కడివీ ఆ పదకొండో అంతస్తులో ఏం చేస్తావు?

బిడ్డకి సూరీ అని పేరు పెట్టాం. నీలాగే ఎవరూ లేకుండానే నవ్వుతుంది.

అక్క,
కల్సోం

*

సింగపూర్,
20 జనవరి 2002

కల్సోం అక్కకి,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. రెండుసార్లు రాసి చింపేశాను. ఒకదానిలో మరీ ఎక్కువ వేళాకోళం ఉంది, ఇంకోదానిలో అసలు లేదు, బావ మళ్ళీ చొక్కా వేసుకుంటాడని భయమేసింది.

నువ్వు చేసింది సరైనదే. ఆ మాట ముందు రాసేస్తున్నాను, తరవాత రాసేవి చదివి వేరేగా అనుకోకు. ఇన్నాళ్ళూ నువ్వక్కడ ఉండి ఇటు చూస్తున్నావన్న ధైర్యంతో నేనిక్కడ ఉన్నాను. ఎవరో ఒకరు ఇంటికోసం బెంగపడుతున్నారంటే ఆ ఇల్లు ఉన్నట్టే కదా. ఇప్పుడు నువ్వు అటు తిరిగి కూచున్నావు. బెంగ మొత్తం నామీద పడింది. నాకది అలవాటు లేదు, ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు.

ఇసుక పోస్తున్నారు. పెద్ద పడవ పొట్ట తెరిచి కుమ్మరిస్తుంది. ఎక్కడి ఇసుకో, కొంత మీ వైపుదేనంటారు. ఇంకా నీళ్ళపైకి తేలలేదు. ఎండ ఉన్న రోజున మా బాల్కనీ చివర నిలబడి మెడ చాపితే అటువైపు మట్టిరంగు మచ్చలా కనబడుతుంది. వేలు గారు చూసి, "అలా వంగకయ్యా, పై అంతస్తులవాళ్ళు ఏమనుకుంటారు" అంటాడు. తరవాత తనూ వంగుతాడు.

కెరాంగ్‌కి వచ్చెయ్యమన్నావు. రాలేనక్కా. మార్చిన పగడాలున్నాయి ఇక్కడ.

మొన్న పోటు తీసిన పొద్దున టీచరమ్మతో వెళ్ళాను. ఆ దీవి దగ్గర అంతకుముందు నేనెప్పుడూ దిగలేదు. మనవి కాని నీళ్ళు. తెచ్చి అతికించినవాటిలో చాలా తెల్లబడి చచ్చిపోయాయి. కొన్ని ఎటూ తేల్చుకోకుండా ఉన్నాయి. కొన్ని, అక్కా, అంచుల్లో గోరంత కొత్త రంగు వేశాయి. టీచరమ్మ అద్దాలు తుడుచుకుని, పడుకుని మరీ చూసి, "పట్టుకుంది సపార్, ఇది పట్టుకుంది" అంది. అరవై దాటినావిడ బురదలో పడుకుని చెప్పింది.

కుర్రాళ్ళు అటు వెళ్ళాక నేనొక్కణ్ణీ నిలబడ్డాను. కొత్త నీళ్ళలో దిగితే మనం ఎవరి పిల్లలమో చెప్పుకోవాలి కదా, నాన్న ఎక్కడికెళ్ళినా చేసేవాడు. నాకు ఇంతవరకు ఆ అవసరం పడలేదు, నేనెప్పుడూ ఇంట్లోనే దిగాను. టోపీ తీసి చెప్పాను. నేను జుసో కొడుకుని, సపార్‌ని. నెనెక్ దిబ్బ వాళ్ళం. ఇవి మా ఇంటి పిల్లలు. మీ ఇంటికి వచ్చాయి. ఇక్కడి పద్ధతులు వీటికి తెలీవు. పోటు ఎటు లాగుతుందో, ఏ చేప కొరుకుతుందో తెలీదు. కొన్నాళ్ళు ముభావంగా ఉంటాయి, తిండి తినవు, పుట్టింటివైపే చూస్తుంటాయి. తప్పు పట్టకండి. కాస్త చూసుకోండి అన్నాను.

నీళ్ళు పెరుగుతుంటే మోకాళ్ళదాకా వచ్చేవరకు అక్కడే ఉన్నాను. టీచరమ్మ పడవలోంచి పిలిచింది, వస్తున్నా అన్నాను. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళని వదిలేసి గబుక్కున రాబుద్ధి కాలేదు.

సపార్